నాలుగు వందలకు ఒకటి తక్కువ

జూన్ 3

చికాగోతో. పద్నాలుగు బంతులు. ముగ్గురు వచ్చారు, ముగ్గురూ వెళ్ళారు. వాళ్ళ ఎడమచేతి బ్యాటర్ ఇంకా ఎత్తు బంతికి ఆశపడుతూనే ఉన్నాడు. వచ్చేసారి కూడా వాడికి అదే వెయ్యాలి.

394వ సేవ్. మోచేయి బాగానే ఉంది.

జూన్ 9

395. పదకొండు బంతులు.

పదహారేళ్ళుగా బేస్‌బాల్ ఆడుతూ ఈ నోటుపుస్తకాల్లో బ్యాటర్ల గురించి తప్ప ఇంకేమీ రాయలేదు. ఎవడికి ఏది వేస్తే కొడతాడు, ఏది వేస్తే గాలిని కొడతాడు, అంతే. ఇవాళ నా సంగతి రాస్తున్నాను. ఇంకెవరికీ చెప్పుకునేట్టు లేదు.

స్లైడర్, అదే చివర్లో పక్కకి జారే బంతి, వేసినప్పుడల్లా మోచేతి లోపలివైపు జివ్వుమంటోంది. తర్వాత చిటికెన వేలూ ఉంగరం వేలూ మొద్దుబారిపోతున్నాయి. ఇవాళ స్నానం చేస్తుంటే సబ్బు జారిపోయింది. సబ్బు జారడం పెద్ద విషయం కాదు, కానీ జారినట్టు నాకు తెలియలేదు, కింద పడిన చప్పుడయ్యాకే తెలిసింది.

మా ఫిజియో ఆస్‌గుడ్ రోజూ అడిగినట్టే అడిగాడు, "చెయ్యెలా ఉంది లైల్?" అని. "చెయ్యి బ్రహ్మాండం, మెడే పట్టేసింది" అన్నాను. పాపం ఇరవై నిమిషాలు మెడ పిసికాడు.

ఇంకో అయిదు. గెలుస్తున్న ఆటని చివర్లో వచ్చి చేజారకుండా కాపాడితే ఒక సేవ్. అలాంటివి నాలుగు వందలు చేసినవాళ్ళు ఈ ఆటలో వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు, అయిదంటే అయిదు అడుగుతున్నాను. ఆ తర్వాత ఆస్‌గుడ్ ఈ చేతిని కోసుకున్నా, కుట్టుకున్నా కాదనను.

మా నాన్నకి మాత్రం ఈ ఉద్యోగం ఎప్పుడూ నచ్చలేదు. కాన్సాస్‌లో గోధుమ పండించే మనిషి. "ఎనిమిది ఇన్నింగ్స్ జట్టంతా చెమటోడ్చి వండుతుంది, తొమ్మిదో ఇన్నింగ్‌లో నువ్వొచ్చి గరిటె పట్టుకుని వంట నాదే అంటావు" అంటాడు. నిజమే. కానీ గేటు తెరుచుకుని నేను మైదానంలోకి రాగానే జనమంతా జేబుల్లోంచి తాళంచెవులు తీసి ఆడిస్తారే, ఇక తలుపు మూసినట్టే అని, ఆ చప్పుడు ఆయన ఒక్కసారీ లోపలినుంచి వినలేదు. నలభై వేలమంది తాళంచెవులు. అది వింటున్నంతసేపూ నొప్పి ఉండదు.

జూన్ 13

396. స్లైడర్ ఒక్కటే వేశాను. మిగతావన్నీ తిన్నగా పోయే ఫాస్ట్‌బాల్సే.

ఆట అయ్యాక టాలీ నా పక్కన కూర్చుని మోకాళ్ళకి ఐసు కట్టుకుంటున్నాడు. వెండెల్ టాలివర్ అని అమ్మానాన్నలు పెట్టిన పేరు వాడికే గుర్తుండదు, అందరికీ టాలీయే. పదకొండేళ్ళుగా నా బంతులు పట్టే క్యాచర్ వాడే. నా వయసే, నాకంటే పది రెట్లు అరిగిపోయిన ఒళ్ళు.

"ఏంట్రా, స్లైడర్ మీద అలిగావా?" అన్నాడు.

"వాళ్ళు దానికోసమే కాచుకున్నార్రా."

"వాళ్ళు కాచుకుని పదేళ్ళయింది. ఎప్పుడు కొట్టారు?"

నేను నవ్వేశాను. వాడు నవ్వలేదు, ఐసు సంచీ ఇంకో మోకాలి మీదికి మార్చాడు.

జూన్ 22, ఆదివారం

ఓడిపోయాం.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరు అవుట్. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు, ఇద్దరూ బ్యాటర్ నిలబడే ప్లేట్ దాకా వచ్చేస్తే ఆట వాళ్ళదే. రెండో బేస్ మీద మనిషి ఉంటే, ఏ బంతి వెయ్యాలో చెప్పే క్యాచర్ వేళ్ళు వాడికి తిన్నగా కనిపిస్తాయి గనక టాలీ వరసగా నాలుగు సైగలు చేస్తాడు, అందులో ఒకటే అసలుది. ఏది అసలుదో మా ఇద్దరికే తెలుసు. ఇందులో ఏ గందరగోళమూ లేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

స్లైడర్ అడిగాడు. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అదే అడిగాడు. వద్దన్నాను. మూడోసారీ అదే అడిగాడు.

ఈసారి కూడా వద్దంటే లేచి నా దగ్గరికి నడిచొస్తాడు. గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని, "చెయ్యి చూపించు" అంటాడు. వాడి వెనకాలే స్కిప్ వస్తాడు, స్కిప్ వెనకాల ఆస్‌గుడ్. స్కిప్ అంటే మా మేనేజర్ బాల్డ్విన్, అతను ఒకసారి జట్టు కూర్చునే డగౌట్ మెట్లెక్కి మైదానంలోకి వచ్చాడంటే నా చేతిలో బంతి ఉండదు. అందుకని తలూపాను.

తలూపి, ఫాస్ట్‌బాల్ వేశాను.

స్లైడర్ వచ్చి పడేది కింద, బయటివైపు. టాలీ గ్లవ్ అక్కడే ఉంది. నేనూ అక్కడికే గురిపెట్టాను. ఫాస్ట్‌బాలైనా అక్కడికే పోతే వాడికి ఏం తేడా, పట్టేస్తాడు అనుకున్నాను. కానీ చెయ్యి పూర్తిగా సాగలేదు. బంతి పైకి, లోపలికి పోయింది. టాలీ గ్లవ్ ఇటు తిప్పేలోపు ఉత్తచేతికి తగిలింది.

మోకాళ్ళ మీద పడ్డాడు. కుడిచేతిని పొట్టకి అదుముకుని ఎడమచేత్తో నేలంతా వెతుకుతున్నాడు. బంతి ఎప్పుడో గోడ దాకా దొర్లిపోయింది. మూడో బేస్ వాడు వచ్చేశాడు. రెండో బేస్ వాడూ వచ్చేస్తున్నాడు. నేను పరిగెత్తి బంతి అందుకోవాలి, కనీసం ప్లేట్ దగ్గర నిలబడాలి. బంతులేసే దిబ్బ మీదే నిలబడిపోయాను.

స్కోరర్లు క్యాచర్ తప్పు కింద రాశారు. లాకర్ రూములో విలేకరులు చుట్టుముడితే టాలీ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించి, "సైగల వరస మార్చాను, మార్చిన సంగతి నేనే మర్చిపోయాను. లైల్ నేనడిగిందే వేశాడు. ముసలాడినైపోయాను, రాసుకోండి" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఒకతను నా వైపు మైకు తిప్పాడు.

తలూపాను.

జూన్ 23

పొద్దున్నే టాలీకి ఫోన్ చేద్దామనుకున్నాను. ఆపరేషన్ థియేటర్లో ఉంటాడు, ఎందుకులే. రేపు చేస్తాను.

జూన్ 24

బొటనవేలు రెండుచోట్ల విరిగింది. లోపల సూదులు పెట్టారట. ఈ సీజన్‌కి లేడు. ముప్పై ఎనిమిదేళ్ళ క్యాచర్‌కి ఈ సీజన్‌కి లేడంటే అర్థం ఏమిటో లాకర్ రూములో అందరికీ తెలుసు. వాడి కుర్చీ మీద ఎవరో టవల్ ఆరేశారు.

ఫోన్ చెయ్యలేదు.

జూన్ 27

397. తొమ్మిది బంతులు, తొమ్మిదీ ఫాస్ట్‌బాల్సే. కొత్త క్యాచర్ బుద్ధిమంతుడు. నేను వద్దన్నదాన్ని రెండోసారి అడగడు. ఆట అయ్యాక, "మీ బంతులు పట్టడం నా అదృష్టం సార్" అన్నాడు. నన్ను సార్ అన్నది బహుశా వాడే మొదటివాడు.

నాలుగు వందలు కాగానే టాలీ దగ్గరికి వెళ్ళి అన్నీ చెబుతాను. అప్పుడైతే ఎవరికీ నష్టం ఉండదు.

జూలై 2

కారులో రేడియో పెట్టాను. ఎవడో ఫోన్ చేసి, "ఆ టాలివర్‌కి వేళ్ళు లెక్కపెట్టడం కూడా రాకుండా పోయింది, లైల్ హాస్టెటర్ లాంటి వాణ్ణి నట్టేట ముంచాడు" అంటున్నాడు. కట్టేశాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మళ్ళీ పెట్టాను. ఇంకొకడు నా గురించి మంచిగా మాట్లాడుతున్నాడు. ఇంటిదాకా విన్నాను.

ఇది రాస్తుంటే చెంపలు వేడెక్కుతున్నాయి. ఎవరూ చూడటం లేదు, అయినా సరే.

జూలై 8

ఆట లేదు. మూడు గంటలు కారు నడుపుకుంటూ, బేస్‌బాల్ ఊసే లేని ఒక ఊరికి వెళ్ళి అక్కడ ఒక డాక్టర్‌కి చెయ్యి చూపించాను. కాగితం మీద మా నాన్న పేరు రాశాను. డెబ్బై రెండేళ్ళు అని రాయలేను గనక వయసు మాత్రం నాదే.

డాక్టర్ స్కాన్ ఫిల్మ్ దీపానికి ఆనించి చూపించాడు. "ఎముకని ఎముకకి కట్టి ఉంచే నరం లాంటిది ఇది. ముప్పాతిక తెగింది. ఏం పని చేస్తారు మీరు?"

"గోధుమ పండిస్తాను."

"మానెయ్యండి కొన్నాళ్ళు."

"ఇంకో మూడు నాలుగు వారాలు లాగొచ్చా?"

"ఒక్క బస్తా ఎత్తగానే తెగొచ్చు, వంద బస్తాలు ఎత్తినా తెగకపోవచ్చు. అది నేను చెప్పలేను. బస్తాలెత్తడం ఆపమని మాత్రం చెబుతాను."

సూది మందు ఒకటి వేశాడు. తిరిగి వస్తుంటే దారిలో టాలీ వాళ్ళ వీధి మలుపు తగిలింది. మలుపు తిరగలేదు.

జూలై 15

నాలుగు వందలవ సేవ్ రోజున స్టేడియం గేటు దగ్గర కంచుతో చేసిన నా చెయ్యి పెడతారట. బంతి పట్టుకున్న చెయ్యి. అచ్చు తియ్యడానికి ఒక శిల్పిని పిలిపించారు, యాభై ఏళ్ళావిడ, చేతుల నిండా ప్లాస్టర్. బేస్‌బాల్ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. అందుకే కాస్త ధైర్యంగా కూర్చున్నాను.

"మీకు పేరు తెచ్చిన బంతి ఏదండీ?" అంది.

"స్లైడర్."

"అయితే అలాగే పట్టుకోండి."

పట్టుకున్నాను. చేతి మీద తడి ప్లాస్టర్ పూతగా రాసింది. పది నిమిషాలు కదలొద్దంది. నాలుగో నిమిషంలో చిటికెన వేలు తనంతట తానే విడిపోయింది. ఆవిడ మెల్లగా దాన్ని బంతి మీదికి నొక్కింది. మళ్ళీ విడిపోయింది.

"అలసిపోయారేమో," అంది. "ఫరవాలేదు, వేళ్ళు నేను తర్వాత సరిచేస్తాను. చాలామందికి చేస్తాను."

తల కొట్టేసినట్టయింది. ఆవిడకి నిజానికి ఏమీ తెలియదు.

జూలై 20

398.

ఆటకి ముందు స్కిప్ తన గదిలోకి పిలిచాడు. నా చెయ్యి సంగతేమో అనుకున్నాను. అది కాదు.

"వచ్చే ఏడు టాలీకి కుర్రక్యాచర్ల కోచ్ పని ఇప్పిస్తానని రెండేళ్ళ క్రితం మాటిచ్చాను," అన్నాడు. "ఇప్పుడు పైవాళ్ళు గునుస్తున్నారు. వేళ్ళ సైగలు మర్చిపోయేవాడు పిల్లలకేం నేర్పుతాడంటున్నారు. నేను వాళ్ళతో పోట్లాడాలంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకని అడుగుతున్నా, ఆ ఆదివారం అసలేం జరిగింది? వరస నిజంగా వాడే మర్చిపోయాడా?"

స్కిప్‌కి అరవై నాలుగేళ్ళు. నేనీ జట్టుకి వచ్చిన రోజు నా సూట్‌కేసు బస్సులోంచి దించినవాడు. నా కళ్ళలోకి చూస్తూ అడిగాడు.

"టాలీయే చెప్పాడుగా స్కిప్," అన్నాను.

"చెప్పాడులే." కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "సరే. వెళ్ళు."

జూలై 21

అది అబద్ధం కాదు. టాలీ అలా చెప్పిన మాట నిజమే.

జూలై 22

అది అబద్ధమే.

జూలై 29

399. ఇరవై మూడు బంతులు. చివరి మూడూ ఎక్కడికి పోతున్నాయో నాకే తెలియదు. బ్యాటర్ కంగారుపడి ఊపాడు, బతికిపోయాను. తాళంచెవుల చప్పుడుకి చెవులు దిబ్బళ్ళు వేశాయి. ఆటలోకి దిగేముందు మేం చెయ్యి వేడెక్కించుకునే బుల్‌పెన్‌కి కోచ్ అయిన చూయ్ వచ్చి కౌగిలించుకుంటూ నా కుడి భుజం మీద చరిచాడు. కళ్ళముందు నక్షత్రాలు కనిపించాయి. నవ్వుతూనే నిలబడ్డాను.

ఇంకొక్కటి.

జూలై 31

ఆట లేదు. నిన్న టాలీ భార్య లొరీన్ ఫోన్ చేసింది. "రేపు మధ్యాహ్నం భోజనానికి రా. టాలీ పిలవమన్నాడు" అంది. ఆమె ఫోన్లో ఎప్పుడూ అరగంటకి తక్కువ మాట్లాడదు. నిన్న ఆ రెండు ముక్కలే.

వెళ్ళాను. చల్లారిన వేపుడు కోడి, ఉడికించిన మొక్కజొన్న, బంగాళాదుంప సలాడ్. టాలీకి కట్టు తీసేశారు. బొటనవేలు వంగటం లేదు. మొక్కజొన్న కంకిని నాలుగు వేళ్ళతో పట్టుకుని తింటున్నాడు. నాకు ఆ నాలుగు వేళ్ళు కూడా సరిగ్గా పనిచెయ్యవు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని కంకులు జారవిడుస్తూ తిన్నాం.

వాతావరణం గురించి మాట్లాడాం. కొత్త క్యాచర్ గురించి మాట్లాడాం. నేను నాలుగుసార్లు నోరు తెరిచి నాలుగుసార్లూ సలాడ్ పెట్టుకున్నాను. చివరికి టాలీయే తువ్వాలుతో మూతి తుడుచుకుని అడిగాడు.

"మోచేయేనా, భుజమా?"

"మోచేయి," అన్నాను.

"అనుకున్నా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"బంతి నీ చేతిలోంచి బయటపడినప్పుడే. స్లైడర్ తిరుగుతూ వచ్చేటప్పుడు ఎర్రకుట్లు కలిసిపోయి చుక్కలా కనబడతాయి కదరా. పదకొండేళ్ళు ఆ చుక్క చూసే పట్టాను. ఆ రోజు చుక్క లేదు. లేదని తెలిసింది గానీ చెయ్యి తీసుకోడానికి టైం లేదు."

"మరి విలేకర్ల ముందు అలా ఎందుకు చెప్పావ్?"

"ఎందుకేంటి, ఆ పూట అది నా పని. సైగ తప్పిందంటే తప్పు క్యాచర్‌దే. నాకు ముందున్నవాళ్ళూ అదే చెప్పారు, నా తర్వాతవాడూ అదే చెబుతాడు. బంతి వేసే పిచ్చర్ పేరు చెడితే రేపు వాడు దిబ్బ ఎక్కలేడు. ఇప్పటిదాకా ఓ పాతికమంది కోసం చెప్పుంటా ఆ మాట." కంకి పక్కన పెట్టాడు. "ఆ పాతికమందిలో ప్రతివాడూ మర్నాడు పొద్దున్నే వచ్చి, నాకో కప్పు కాఫీ పోసి, టాలీ, నిన్నటిది నాదే అన్నాడు. కుర్రకుంకలు కూడా అన్నారు. అంతే, దాంతో చెల్లు. నువ్వొక్కడివే రాలేదు."

"ముప్పై తొమ్మిది రోజులు," అంది లొరీన్ గిన్నెలు తోముతూ, ఇటు తిరక్కుండా.

కళ్ళు ఎత్తడానికి ముఖం చెల్లలేదు. టాలీ మాత్రం ఇంకేదో ఆట గురించి చెబుతున్నట్టే మాట్లాడాడు. నిన్న పైవాళ్ళు ఫోన్ చేశారట. కోచ్ పని వేరేవాళ్ళకి ఇస్తున్నారట. ఇన్నేళ్ళ సేవకి చాలా థాంక్స్ అన్నారట.

"అయితే నువ్వే చెప్పకపోయావా వాళ్ళకి?" అన్నాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ ఆ మాటే అన్నాను.

"నేను చెబితే ఏమవుద్దో నీకు తెలీదా? పని పోయేసరికి తప్పు పిచ్చర్ మీదికి నెడుతున్నాడంటారు. అది నీ నోట్లోంచి రావాల్సిన మాట."

"చెబుతాను టాలీ. ఒట్టు. రేపు ఆ ఒక్కటీ అయిపోగానే చెబుతాను."

నోట్లోంచి వచ్చేశాక నాకే వినిపించింది. టాలీ నవ్వాడు, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రమే కదిలాయి. లొరీన్ చేతులు తుడుచుకుని వచ్చి నా ముందున్న కంచం తీసేసింది. నేనింకా తింటూనే ఉన్నాను.

ఆగస్టు 1

చెప్పేశాను. నాలుగు వందలు కాకముందే చెప్పేశాను.

పొద్దున పదింటికి స్కిప్ గదికి వెళ్ళాను. అతను ఫోన్లో ఉన్నాడు, ఏమిటన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. బల్ల మీదున్న డబ్బాలోంచి ఒక చూయింగ్ గమ్ తీసుకుని బయటికి వచ్చేశాను. అది అలా అయింది. కానీ తర్వాత చెప్పాను కదా.

మధ్యాహ్నం ఆట. తొమ్మిదో ఇన్నింగ్‌కి ఒక్క పరుగు ముందున్నాం. జనానికి లెక్క తెలుసు, గేటు తెరవకముందే తాళంచెవులు ఆడించడం మొదలుపెట్టారు. బుల్‌పెన్‌లో ఫోన్ మోగింది, డగౌట్ నుంచి స్కిప్. చూయ్ తీసి విని, "లే, నీదే" అన్నాడు.

"చూయ్, ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

వాడికి అర్థం కాలేదు. ఆ ఫోన్ కోచ్ తప్ప ఎవరూ ముట్టుకోరు. పైగా వెళ్ళమంటే వెళ్ళనన్న క్లోజర్ని, అంటే ఆట ముగించేవాణ్ణి, వాడు జన్మలో చూసుండడు. పదహారేళ్ళలో నేనూ ఒక్కసారి అనలేదు. ఫోన్ అందుకుని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"స్కిప్, నా మోచేతిలో నరం తెగింది. జూన్ నుంచీ దాస్తున్నాను. ఆ ఆదివారం టాలీ సైగ సరిగ్గానే చేశాడు. స్లైడర్ అడిగాడు, నేను తలూపి ఫాస్ట్‌బాల్ వేశాను. వాడి వేలు విరగ్గొట్టింది నేను. మీకు అబద్ధం చెప్పిందీ నేనే."

తర్వాత స్కిప్ అడిగింది ఒక్కటే. "మకీకి ఇంకెన్ని బంతులు కావాలి?"

మామూలుగా ఎనిమిదో ఇన్నింగ్ వేసే మకీ ఇవాళ ఇంకా దిగలేదు, నా పక్కనే నిలబడి ఉన్నాడు. రెండు వేళ్ళు చూపించాడు. "రెండు," అన్నాను. స్కిప్ ఫోన్ పెట్టేశాడు.

గేటు తెరుచుకుని మకీ పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి తాళంచెవుల చప్పుడు ఒక్కో గ్యాలరీలో ఆగుతూ వచ్చింది. అందరూ నా గేటు వైపు చూస్తున్నారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. మకీ ముగ్గుర్నీ పంపించేశాడు. బాగా వేశాడు, స్లైడర్ కూడా బాగా పడుతోంది వాడికి.

ఆట అయ్యాక విలేకరుల ముందు అదంతా మళ్ళీ చెప్పాను. టాలీ పేరు మూడుసార్లు చెప్పాను. ఒకావిడ, "ఇంత దగ్గరికొచ్చి వదులుకోడానికి చాలా ధైర్యం కావాలి" అంది. మిగతావాళ్ళు అవునన్నట్టు చూశారు. నేను కిందికి చూశాను, వినయంగా కనబడి ఉంటాను.

స్కిప్ వెళ్ళేటప్పుడు నా లాకర్ దగ్గర ఆగాడు. "టాలీ సంగతి పైవాళ్ళకి చెప్పాను. సోమవారం వచ్చి కలవమన్నారు వాణ్ణి. నీకు చెప్పడానికి మాత్రం నా దగ్గరేం లేదు," అన్నాడు.

ఇంటికొచ్చి టాలీ వాళ్ళింటికి ఫోన్ చేశాను. లొరీన్ తీసింది. వెనకాల గడ్డి కోసే మిషన్ చప్పుడు.

"టీవీలో చూశాం," అంది.

"ఉన్నాడా?"

"ఉన్నాడు, పెరట్లో. పిలుస్తాగానీ ముందు నాకొకటి చెప్పు లైల్. నిన్న నా బల్ల దగ్గర కూర్చుని ఆ ఒక్కటీ అయిపోగానే అన్నావ్. ఇవాళ కాకముందే చెప్పేశావ్. రాత్రికి రాత్రి అంత మంచోడివి అయిపోయావా, లేకపోతే ఇవాళ చెయ్యి లేవలేదా?"

"మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాను.

గంటనుంచి ఈ పుస్తకం ముందు కూర్చున్నాను. పైన రాసినదాంట్లో ఒకటి వదిలేశాను. రాసేటప్పుడు వదిలేస్తున్నానని తెలుసు. ఈ పుస్తకం ఎవరూ చదవరు, అయినా ఇందులో కూడా దొంగతనమే.

బుల్‌పెన్‌లో ఫోన్ రెండుసార్లు మోగింది. నేను రాసింది రెండోసారి సంగతి. మొదటిసారి ఎనిమిదో ఇన్నింగ్ మధ్యలో మోగింది, నన్ను లేపమని. నేను లేచాను. నాలుగు వందలు చెయ్యడానికే లేచాను, టాలీ గానీ వాడి ఉద్యోగం గానీ ఆ నిమిషంలో గుర్తే రాలేదు. మూడు బంతులు వేశాను. నాలుగోది వేస్తుంటే మోచేతిలో తడిగుడ్డ చింపిన చప్పుడైంది. బంతి క్యాచర్ దాకా వెళ్ళలేదు, సగం దూరంలో నేలమీద పడి దొర్లింది. అయిదోది ఎత్తబోతే వేళ్ళు బంతిని పట్టుకోలేదు. చూయ్ చూశాడు. చూసి తల తిప్పుకుని, ఏమీ అడక్కుండా, స్కిప్‌కీ చెప్పకుండా మకీని లేపాడు. అందుకే వాడికి అప్పటికే రెండే బంతులు మిగిలాయి.

ఫోన్ రెండోసారి మోగేసరికి నేను వెళ్ళి చెయ్యగలిగింది ఏమీ లేదు. చెయ్యి లేచి ఉంటే వెళ్ళేవాణ్ణి. వెళ్ళి, ఆ నాలుగు వందలూ చేసుకుని, ఇంకో వారం ఆగి చెబుదాం అనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఇంకో వారం. ఇది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు.

ఎడమచేత్తో నంబర్ కలిపాను. లొరీనే తీసింది.

"చెయ్యి లేవలేదు," అన్నాను. "లేస్తే వేసేవాణ్ణి."

"ఉండు, పిలుస్తా," అంది. ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళింది. తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత పెరట్లో మిషన్ ఆగిపోయింది.